బేస్‌బాల్ ప్రశ్నలు – జవాబులు: హోవర్డ్ హోమ్ రన్లకు విలువ కట్టేదెలా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఫస్ట్ బేస్‌మన్ల (మొదటి బేస్ దగ్గర కాపలా కాసే ఫీల్డర్ల) గురించే. అందులోనూ బంతిని స్టాండ్స్‌లోకి పంపి హోమ్ రన్లు కొట్టే బలశాలుల గురించి. అన్నీ ఒకేచోట పెట్టి జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మేం న్యూజెర్సీలోని చెర్రీ హిల్‌లో ఉంటాం. ఇంటిల్లిపాదీ ఫిలీస్ (ఫిలడెల్ఫియా జట్టు) అభిమానులమే. 2008లో మా ఫస్ట్ బేస్‌మన్ రయన్ హోవర్డ్ 48 హోమ్ రన్లు, 146 ఆర్‌బీఐలు (తన బ్యాటింగ్ వల్ల జట్టుకు వచ్చిన పరుగులు) చేశాడు. రెండింట్లోనూ మేజర్ లీగ్ మొత్తానికి అతనే మొదటివాడు. జట్టు వరల్డ్ సిరీస్ గెలిచింది. అయినా ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడి అవార్డు) మాత్రం 37 హోమ్ రన్లు కొట్టిన కార్డినల్స్ ఫస్ట్ బేస్‌మన్ ఆల్బర్ట్ పుహోల్స్‌కి ఇచ్చారు, మనవాడు రెండో స్థానంలో మిగిలాడు. కాలేజీలో చదివే మా అబ్బాయి అది న్యాయమేనంటాడు. నాకు మాత్రం ఇప్పటికీ మింగుడు పడటం లేదు. మీరేమంటారు?

జవాబు: మీ అబ్బాయి మాటే సబబండీ. హోవర్డ్ అంటే నాకూ ప్రాణమే. ఎడమచేతి వాటం. బాక్స్‌లోకి వచ్చి కుడిచేత్తో బ్యాటును చాచి, దాని కొనను తిన్నగా పిచర్ (బంతి విసిరేవాడు) వైపు గురిపెట్టి, ఒక్క క్షణం అలాగే నిలిచి, ఆ తర్వాత నింపాదిగా భుజం మీదికి తీసుకునేవాడు. అది చూస్తూ కూర్చున్నప్పుడు నా ఒళ్లో స్కోరు పుస్తకం ఉన్న సంగతి కూడా గుర్తుండేది కాదు. అయినా ఆట అయిపోయాక ఆ పుస్తకమే తెరవాలి కదా.

క్రికెట్ మాత్రమే తెలిసిన పాఠకుల కోసం ముందు రెండు ముక్కలు. మైదానంలో నాలుగు బేస్‌లుంటాయి, వాటిని వరసగా చుట్టి మొదలుపెట్టిన చోటికి, అంటే ఇంటికి, చేరితే ఒక పరుగు. బేస్‌బాల్‌లో ఓవర్లు లేవు. ఇన్నింగ్స్‌కి మూడు ఔట్లు, తొమ్మిది ఇన్నింగ్స్‌కి 27 ఔట్లు. ఆ 27 పూర్తయ్యేదాకా ఎన్ని బంతులైనా ఆడొచ్చు, ఎన్ని పరుగులైనా చేయొచ్చు. అంటే జట్టు దగ్గర ఉన్న అసలు సొమ్ము ఔట్లే. గుంటూరులో బ్యాంకు ఉద్యోగం చేసినదాన్ని కాబట్టి నాకు ఇది జమాఖర్చుల పద్దులాగే కనిపిస్తుంది. హోమ్ రన్లు, డబుల్స్ (ఒక్క దెబ్బతో రెండో బేస్ దాకా), సింగిల్స్ (మొదటి బేస్ దాకా), వాక్‌లు (పిచర్ నాలుగు బంతులు గురి తప్పి వేస్తే ఉచితంగా దొరికే మొదటి బేస్) జమ. ఔట్లు ఖర్చు. హోవర్డ్ గురించి వాదించేవాళ్లు చాలామంది జమ వైపు, అందులోనూ ఒక్క వరుసే చదివి పుస్తకం మూసేస్తారు.

2008 పద్దు రెండు వైపులా చూద్దాం. హోవర్డ్ 700 సార్లు బ్యాటింగ్‌కి వచ్చాడు. 153 హిట్లు (బంతిని కొట్టి క్షేమంగా బేస్ చేరినవి), 81 వాక్‌లు, 3 సార్లు ఒంటికి బంతి తగిలి బేస్‌కి వెళ్లాడు. మొత్తం 237 సార్లు బేస్ చేరాడు. దాన్ని 700తో భాగిస్తే వచ్చే 0.339 అతని ఓబీపీ, అంటే బేస్ చేరిన నిష్పత్తి. పుహోల్స్ 641 సార్లే వచ్చాడు. 187 హిట్లు, 104 వాక్‌లు, 5 సార్లు బంతి తగిలింది. మొత్తం 296. ఓబీపీ 0.462. తక్కువసార్లు వచ్చి 59 సార్లు ఎక్కువగా బేస్ చేరాడన్నమాట.

ఇప్పుడు ఖర్చు. హోవర్డ్ బ్యాటుతో వాడేసిన ఔట్లు 463, పుహోల్స్ వాడినవి 345. డబుల్ ప్లేల్లో (ఒకే బంతికి ఇద్దరు ఔట్ అయినప్పుడు) అదనంగా పోయిన ఔట్లు ఇందులో కలపలేదు. తేడా 118. మ్యాచ్‌కి 27 ఔట్లు అనుకుంటే అది నాలుగు మ్యాచ్‌లకు పైగా జట్టు మొత్తం వాడుకునే ఔట్లు! పదకొండు హోమ్ రన్లు ఎక్కువ కొట్టడానికి హోవర్డ్ అంత ఖర్చు పెట్టాడు.

"సరే, కానీ బలంలో మావాడే మిన్న కదా" అంటారు. అదీ చూద్దాం. బలాన్ని విడిగా కొలవడానికి ఐసో అని ఒక లెక్క ఉంది. వాక్‌ల వంటివి తీసేసి మిగిలిన బ్యాటింగ్ అవకాశాలతో హిట్లను భాగిస్తే బ్యాటింగ్ సగటు, ఆ హిట్లు తెచ్చిన మొత్తం బేస్‌లను భాగిస్తే స్లగ్గింగ్ సగటు. స్లగ్గింగ్ సగటులోంచి బ్యాటింగ్ సగటు తీసేస్తే సింగిల్స్ పోయి, అంతకుమించిన దెబ్బల సత్తా మిగులుతుంది. హోవర్డ్ స్లగ్గింగ్ 0.543, సగటు 0.251, ఐసో 0.292. పుహోల్స్ స్లగ్గింగ్ 0.653, సగటు 0.357, ఐసో 0.296. నేను మొదటిసారి ఈ తీసివేత చేసినప్పుడు మళ్లీ చేసి చూసుకున్నాను. బలంలో ఇద్దరూ సరిసమానం! పుహోల్స్‌కి హోమ్ రన్లు తగ్గినా డబుల్స్ 44 ఉన్నాయి, హోవర్డ్‌కి 26. మొత్తం బేస్‌లు కూడితే పుహోల్స్‌వి 342, హోవర్డ్‌వి 331.

వీటిని పరుగుల్లోకి మార్చవచ్చు. ఏళ్ల తరబడి ఆటలు తిరగేసి, ఏ దెబ్బ సగటున ఎన్ని పరుగులు తెస్తుందో లెక్కగట్టి పెట్టినవాళ్లున్నారు. హోమ్ రన్ సుమారు 1.4 పరుగులు, ఎందుకంటే అప్పటికే బేస్‌ల మీద ఉన్నవాళ్లూ ఇంటికి వస్తారు. డబుల్ ముప్పావు పరుగు, సింగిల్ అర పరుగుకి కాస్త తక్కువ, వాక్ మూడోవంతుకి కాస్త తక్కువ. ఔట్ అయితే పావు పరుగు పైచిలుకు నష్టం. ఈ ధరలతో పెన్సిల్ పట్టుకుని ఇద్దరి పద్దులూ వేస్తే పుహోల్స్ 45 నుంచి 50 పరుగులు ముందున్నాడు. పది పరుగులకు ఒక గెలుపు అన్న మోటు లెక్కన నాలుగైదు గెలుపుల తేడా. అదీ ఒకే స్థానంలో ఆడే ఇద్దరి మధ్య.

ఇక ఆ 146 ఆర్‌బీఐలు. వాటిలో 48 అతను తనను తాను ఇంటికి చేర్చుకున్నవే. మిగతా 98 వేరేవాళ్లు బేస్‌ల మీద ఉంటే వచ్చినవి. అలా ఉన్నది ఎవరు? అతని సహచరులే. జిమ్మీ రాలిన్స్ ఆ ఏడాది 47 బేస్‌లు దొంగిలించాడు, అంటే ఎవరూ కొట్టకుండానే పరుగెత్తి తర్వాతి బేస్ చేరాడు. షేన్ విక్టరీనో 36. చేజ్ అట్లీ ఓబీపీ 0.380. వాళ్ల తర్వాత నాలుగో నంబరులో వచ్చేవాడికి బేస్‌లు ఖాళీగా దొరకడమే అరుదు. ఆ అవకాశం హోవర్డ్ సృష్టించుకున్నది కాదు. వచ్చినప్పుడు వదిలిపెట్టలేదు, ఆ గొప్పతనం అతనిదే. ముఖ్యంగా ఆ సెప్టెంబరులో 11 హోమ్ రన్లు, 32 ఆర్‌బీఐలు చేసి, ప్రత్యర్థి జట్టు మెట్స్‌ను దాటించి ఫిలీస్‌ను డివిజన్ విజేతగా నిలిపిన జోరు నా జీవితంలో మరిచిపోలేను. ఎంవీపీకి ఓటు ఏడాది మొత్తానికి వేయాలి కనుక పుహోల్స్ అన్నాను. వరల్డ్ సిరీస్ లెక్కలోకి రాదు, ఎందుకంటే ఓట్లు ప్లేఆఫ్స్ మొదలు కాకముందే పడిపోతాయి.

అట్లీ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. అతని స్లగ్గింగ్ 0.535, దాదాపు హోవర్డ్‌దే. బేస్ చేరడంలో హోవర్డ్ కంటే మెరుగు. పైగా ఆడేది సెకండ్ బేస్. అలా కొడుతూ ఆ స్థానాన్ని కాపాడగలవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. బాగా కొట్టే ఫస్ట్ బేస్‌మన్లు మాత్రం ప్రతి జట్టుకూ ఉంటారు. అందుకే ఫస్ట్ బేస్‌మన్ నుంచి బ్యాటుతో ఎక్కువ ఆశిస్తాం. ఆ ఏడాది ఫిలీస్‌లో అత్యంత విలువైనవాడు అట్లీయేనని నా అభిప్రాయం. మీ ఇంట్లో ఈ మాట మీద కూడా గొడవ అవుతుందేమో, అవనివ్వండి.

ప్రశ్న: హోవర్డ్ 2007లోనూ 2008లోనూ 199 సార్లు చొప్పున స్ట్రైకౌట్ అయ్యాడని చదివాను. అన్నిసార్లు బంతిని తాకకుండానే వెనుదిరిగేవాడికి విలువేముంటుంది? అసలు జబ్బు అదే కదా? – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: కాదండీ. ఈ అభిప్రాయం ఫిలడెల్ఫియాలో కూడా గట్టిగా పాతుకుపోయింది, దాన్ని నేను ఒప్పుకోను. స్ట్రైకౌట్ చూడటానికి బాధగా ఉంటుంది, నిజమే. స్కోరు పుస్తకంలో కే అక్షరం వేసేటప్పుడు నా చెయ్యీ బరువెక్కేది. కానీ అది కూడా ఒక ఔటే. బంతి నేల మీద దొర్లి ఔట్ అయితే బేస్ మీద ఉన్నవాడు ఒక అడుగు ముందుకు జరగవచ్చు, లేదా డబుల్ ప్లే అయి ఇద్దరూ పోవచ్చు. స్ట్రైకౌట్‌లో ఆ లాభమూ లేదు, ఆ నష్టమూ లేదు. రెండూ కలిపి చూస్తే మామూలు ఔట్‌కీ దీనికీ తేడా చాలా స్వల్పం.

సాక్ష్యం హోవర్డే. 2006లో 181 సార్లు స్ట్రైకౌట్ అయ్యాడు. ఆ ఏడాదే 58 హోమ్ రన్లు, 149 ఆర్‌బీఐలు, 0.313 సగటు, ఎంవీపీ. అప్పుడు రెండో స్థానంలో ఉన్నది పుహోల్స్. ఆ అవార్డు మీద అభ్యంతరం చెప్పేవాళ్లున్నా నాకు పెద్ద ఫిర్యాదు లేదు. హోవర్డ్ ఓబీపీ 0.425, పుహోల్స్‌ది 0.431, ఎటు ఇచ్చినా చెల్లే పోటీ.

ఇప్పుడు ఆ 2006ను 2008 పక్కన పెట్టండి. నేను ఎవరికైనా ఈ ఆట లెక్కలు నేర్పాల్సి వస్తే ఈ జంటతోనే మొదలుపెడతాను. 2006లో 704 సార్లు బ్యాటింగ్, 2008లో 700. దాదాపు ఒకటే. ఆర్‌బీఐలు 149, 146. అవీ ఒకటే. ఆర్‌బీఐ పట్టిక చూసేవాడికి హోవర్డ్‌లో మార్పేమీ కనపడదు. బేస్ చేరినవి చూడండి: 2006లో 299, 2008లో 237. అరవై రెండు తగ్గాయి! హిట్లు 29 తగ్గాయి, వాక్‌లు 27 తగ్గాయి, బంతి తగలడం 6 తగ్గింది. స్ట్రైకౌట్లు పెరిగింది 18 మాత్రమే.

హిట్లు ఎందుకు తగ్గాయి? హోమ్ రన్లు, స్ట్రైకౌట్లు పక్కనపెట్టి మైదానంలో పడిన బంతులే లెక్క వేస్తే, 2006లో 348లో 124 హిట్లయ్యాయి. 2008లో 369లో 105. బంతి బ్యాటుకు ఎక్కువసార్లే తగిలింది, కానీ ఫీల్డర్ల చేతుల్లోకి పోయింది. మొదటి ఏడాది అదృష్టం కలిసొచ్చిందన్నది కొంత నిజం. మిగతాది షిఫ్ట్, అంటే ఫీల్డర్లను మామూలు చోట్ల నుంచి జరిపి నిలబెట్టడం. హోవర్డ్ బంతిని లాగి కుడివైపుకు కొడతాడని అందరికీ తెలిసిపోయింది. షార్ట్‌స్టాప్‌ను (మామూలుగా రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్‌ను) సెకండ్ బేస్‌కి అవతల కుడివైపుకు తెచ్చేవాళ్లు. సెకండ్ బేస్‌మన్ ఏకంగా రైట్ ఫీల్డ్ గడ్డిలోకి వెనక్కి వెళ్లి నిలబడేవాడు. పిడుగులా కొట్టిన బంతి, ఎప్పుడైనా సింగిల్ అయ్యేది, తిన్నగా అతని చేతిలో పడేది. అతను అక్కడి నుంచే ఫస్ట్ బేస్‌కి విసిరి ఔట్ చేసేవాడు. 2023 నుంచి ఇలా నిలబెట్టడానికి వీల్లేకుండా నియమం తెచ్చారు. సెకండ్ బేస్‌కి చెరోవైపూ ఇద్దరేసి, నలుగురూ ఇన్‌ఫీల్డ్ మట్టి దాటకుండా ఉండాలి. హోవర్డ్ ఆడిన రోజుల్లో ఆ నియమం రాలేదు. రావాల్సిందని ఇప్పటికీ మనసులో అనుకుంటాను.

ప్రశ్న: ఫిలీస్ 2010లో హోవర్డ్‌కి అయిదేళ్లకు 12.5 కోట్ల డాలర్లు ఇచ్చి తర్వాత చేతులు కాల్చుకుందని అంటారు. జరిగిపోయాక ఎవరైనా చెబుతారు. ముందే తెలిసే దారి ఉందా? – ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: ఉంది. అయితే గాయం సంగతి వేరు, దాన్ని ముందు పక్కన పెడదాం. 2011 అక్టోబరులో కార్డినల్స్‌తో జరిగిన సిరీస్ చివరి మ్యాచ్‌లో చివరి ఔట్ హోవర్డే. బంతి కొట్టి ఫస్ట్ బేస్ వైపు పరుగు మొదలుపెట్టి నాలుగడుగులు వేయకుండానే మడమ దగ్గరి అకిలీస్ స్నాయువు తెగి కూలిపోయాడు. దాన్ని ఏ పట్టికా చెప్పలేదు. ఆ దెబ్బకు ఎవరినీ తప్పుపట్టను.

సంతకం జరిగింది 2010 ఏప్రిల్లో. అప్పటికి పాత ఒప్పందం ఇంకా 2011 చివరిదాకా ఉంది. కొత్తది మొదలయ్యేది 2012లో, అప్పటికి అతనికి 32 నిండి ఉంటాయి. తొందరేమిటో నాకు ఎప్పటికీ అర్థం కాలేదు. ఆ రోజు టేబుల్ మీద ఉన్న అంకెలే చూద్దాం. వాక్‌లు: 2006లో 108, 2007లో 107, 2008లో 81, 2009లో 75. ఇవి ఒట్టి అంకెలు కావు. 2006లో ప్రత్యర్థులు 37 సార్లు, కొట్టే అవకాశమే ఇవ్వకుండా కావాలని అతన్ని ఫస్ట్ బేస్‌కి పంపేశారు. 2009 నాటికి అది 8కి పడింది. భయపడటం మానేశారన్నమాట. ముఖ్యంగా ఎడమచేతి పిచర్‌ను దింపితే సరిపోతుందని కనిపెట్టారు. ఐసో కూడా అదే కథ: 0.346, 0.316, ఆ తర్వాత రెండేళ్లూ 0.292.

ఆర్‌బీఐలు ఏం చెప్పాయి? 149, 136, 146, 141. అన్నీ బ్రహ్మాండం. సంతకం పెట్టినవాళ్లు ఏ వరుస చూసి ఉంటారో ఊహించడం కష్టం కాదు.

తర్వాతి సంగతి కూడా చెప్పాలి. 2014లో హోవర్డ్ 23 హోమ్ రన్లు, 95 ఆర్‌బీఐలు చేశాడు. వినడానికి మంచి ఏడాదే. సగటు 0.223, ఓబీపీ 0.310, స్లగ్గింగ్ 0.380. ఫస్ట్ బేస్‌మన్‌కి 0.380 స్లగ్గింగ్ ఏమాత్రం చాలదు. 2016లో 25 హోమ్ రన్లు, ఓబీపీ 0.257. నాలుగు సార్లు వస్తే మూడు సార్లు ఔట్. బాల్టిమోర్ జట్టు ఫస్ట్ బేస్‌మన్ క్రిస్ డేవిస్‌దీ ఇదే దారి. 2013లో 53 హోమ్ రన్లు, 2015లో 47, 2016 జనవరిలో ఏడేళ్లకు 16.1 కోట్ల డాలర్ల ఒప్పందం, 2018కి సగటు 0.168. బలం ఉన్నవాడికి వాక్‌లు తగ్గుతున్నాయంటే పిచర్లు అతని గుట్టు పట్టేశారని అర్థం చేసుకోండి. హోమ్ రన్లు తగ్గడం ఆ తర్వాత రెండు మూడేళ్లకు కనపడుతుంది.

ప్రశ్న: అమ్మగారూ, నేను అట్లాంటాలో తొమ్మిదో తరగతి చదువుతున్నాను. 2023లో మా మ్యాట్ ఓల్సన్ 54 హోమ్ రన్లు కొట్టాడు. మేం వదులుకున్న ఫ్రెడ్డీ ఫ్రీమన్ డాడ్జర్స్‌లో 29 కొట్టాడు. మేమే లాభపడ్డాం కదా? మా చెల్లి ఒప్పుకోవడం లేదు.

జవాబు: నాన్నా, లెక్క వేసి చూద్దాం, పెన్సిల్ తీసుకో. ఓల్సన్ ఓబీపీ 0.389, స్లగ్గింగ్ 0.604. ఫ్రీమన్‌వి 0.410, 0.567. ఒక్కొక్కరివి రెండూ కూడితే ఓపీఎస్ వస్తుంది: ఓల్సన్ 0.993, ఫ్రీమన్ 0.977. పాతిక హోమ్ రన్ల తేడా కాస్తా పదహారు పాయింట్లకు (0.016) కుదించుకుపోయింది చూశావా? ఫ్రీమన్ 211 హిట్లు కొట్టాడు, అందులో 59 డబుల్స్. ఆ ఏడాది మరెవరూ అన్ని డబుల్స్ కొట్టలేదు.

అయితే ఓపీఎస్‌లో ఒక లోపం ఉంది. ఓబీపీనీ స్లగ్గింగ్‌నీ సమానంగా తూచి కలిపేస్తుంది. పరుగులు రావడంలో ఓబీపీ పాయింటుకి స్లగ్గింగ్ పాయింటు కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు, అంతకు పైనే విలువ ఉంటుంది. అలా సరిచేస్తే ఇద్దరూ భుజం భుజం కలిపి నిలబడతారు. మైదానాన్ని కూడా లెక్కలోకి తీసుకునే ఓపీఎస్ ప్లస్ అనే అంకె ఇంకా నమ్మకమైనది. అందులో 100 అంటే లీగ్ సగటు. ఫస్ట్ బేస్‌మన్ 100 దగ్గర ఉంటే జట్టుకి అతని వల్ల ఒరిగేదేమీ లేదు. వీళ్లిద్దరూ దానికి చాలా పైన ఉన్నారు. బ్యాటు వదిలేసి కాళ్ల వైపు చూస్తే ఫ్రీమన్ ఆ ఏడాది 23 బేస్‌లు దొంగిలించాడు, ఒక్కసారే దొరికాడు. ఓటర్లు ఎంవీపీ జాబితాలో ఫ్రీమన్‌ను మూడో స్థానంలో, ఓల్సన్‌ను నాలుగో స్థానంలో పెట్టారు. నేనైనా అంతే చేసేదాన్ని.

మరి మీరు నష్టపోయారా అంటే, లేదు నాన్నా. ఓల్సన్ వయసులో ఫ్రీమన్ కంటే చిన్నవాడు, ఆ ఏడాది 162 మ్యాచ్‌లూ ఆడాడు, 104 వాక్‌లు సంపాదించాడు. పైన హోవర్డ్ వాక్‌ల గురించి రాశాను కదా, నువ్వు కూడా ఓల్సన్ వాక్‌లు ఏటేటా ఒక కాగితం మీద రాసిపెట్టుకో. ఇక్కడ మీ చెల్లి గెలిచింది 2023 వరకే, ఆ తర్వాతి ఏళ్లవి ఇద్దరూ కూర్చుని వేసి నాకు పంపండి.